ఈము, నిప్పుకోడి: ముందు కాళ్లు చూడండి

ఈ నెల ప్రశ్నలు–జవాబుల పేజీ మొత్తం రెండు పక్షులకే ఇచ్చాం. వచ్చిన ఉత్తరాల్లో చాలామంది ఈము పేరు రాసి నిప్పుకోడి సంగతి అడిగారు, నిప్పుకోడి అని రాసి ఈము గుడ్డు గురించి అడిగారు. ఫొటో కింద పేరు తప్పు పడితే పెద్దగా పోయేదేం లేదు. పెంపకంలో మాత్రం ఒకదాని లెక్క రెండోదానికి వాడితే గుడ్లు చెడతాయి, పిల్లలు చచ్చిపోతాయి. అందుకే కొన్నిచోట్ల కాస్త విడమర్చి రాశాం.

ప్రశ్న: రెండింటికీ పొడుగు మెడ, పొడుగు కాళ్లు. రెండూ ఎగరలేవు. చూడగానే గుర్తుపట్టే మార్గం ఏమిటండీ?

జవాబు: కాలివేళ్లు లెక్కపెట్టండి. నిప్పుకోడికి కాలికి రెండే వేళ్లు. లోపలి వేలు లావుగా, పెద్ద గోరుతో ఉంటుంది. బయటి వేలు చిన్నది, దానికి చాలావరకు గోరే ఉండదు. ప్రపంచంలో రెండు వేళ్ల పక్షి ఇదొక్కటే. ఈముకి మూడు వేళ్లు. మూడూ ముందువైపుకే, మూడింటికీ గోళ్లు.

గడ్డిలో పాదాలు కనబడకపోతే తొడలు చూడండి. నిప్పుకోడి తొడలు ఈకల్లేకుండా బోసిగా ఉంటాయి. ఈము తొడల మీద గుబురుగా ఈకలు దిగి ఉంటాయి. మెడ కూడా అంతే. నిప్పుకోడి మెడ మీద పలచటి నూగు తప్ప ఏమీ ఉండదు. ఈము మెడ మీద సన్నటి ముదురు ఈకలు, వాటి సందుల్లోంచి నీలం రంగు చర్మం కనిపిస్తుంది.

రంగు సంగతికొస్తే, మగ నిప్పుకోడి ఒళ్లంతా నలుపు, రెక్కల చివర, తోక దగ్గర తెల్లటి కుచ్చులు. ఆడది బూడిద కలిసిన గోధుమ రంగు. ఈముల్లో ఆడా మగా ఒకే రంగు. గోధుమ రంగు ఈకలు వీపు మధ్య పాపిడి తీసినట్టు రెండు పక్కలకీ వేలాడుతుంటాయి. ఈము రెక్క 20 సెంటీమీటర్ల ముక్క, ఈకల్లో మునిగిపోయి వెతికితే గానీ దొరకదు. నిప్పుకోడి రెక్కలు పెద్దవి, విప్పితే కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

పక్కపక్కన నిలబెడితే అనుమానమే ఉండదు. మగ నిప్పుకోడి 2.1 నుంచి 2.75 మీటర్ల ఎత్తు, బరువు 100 కిలోలు దాటుతుంది, కొన్ని 150 దాకా వెళ్తాయి. ఈము ఎత్తు 1.5 నుంచి 1.9 మీటర్లు, బరువు మామూలుగా 30 నుంచి 45 కిలోలు. నిప్పుకోడిలో మగది పెద్దది, ఈముల్లో ఆడది కాస్త పెద్దది.

ఒక జాగ్రత్త. చిన్న నిప్పుకోడిలా కనిపించి, కాలికి మూడు వేళ్లుంటే అది ఈము కానక్కర్లేదు. దక్షిణ అమెరికాలో ఉండే రియా కావచ్చు. దాని రెక్కలు ఈము రెక్కల కంటే చాలా పెద్దవి.

ప్రశ్న: నిప్పుకోడి, ఈము దగ్గరి చుట్టాలా? రెండింటినీ జతకడితే పిల్లలు పుడతాయా?

జవాబు: పుట్టవు. ఇవి చాలా దూరపు చుట్టాలు. నిప్పుకోడి ఆఫ్రికాది, ఈము ఆస్ట్రేలియాది. రొమ్ము ఎముక చదునుగా ఉండే ఈ పెద్ద పక్షులన్నిటినీ ఒక గుంపుగా చూస్తారు. ఎగిరే పక్షుల్లో రెక్క కండరాలు అంటుకునే నిలువు గట్టు ఒకటి ఆ ఎముక మీద ఉంటుంది. వీటికి అది లేదు. కానీ ఆ గుంపులో అందరికంటే ముందే విడిపోయిన కొమ్మ నిప్పుకోడిది. ఈముకి అతి దగ్గరి బంధువు తల మీద శిరస్త్రాణంలాంటి దిమ్మె ఉండే కాసోవరీ, ఆ తర్వాత న్యూజిలాండ్‌లో కోడిపెట్టంత ఉండే కివి. అంటే డీఎన్ఏ లెక్కలో ఈముకి నిప్పుకోడి కంటే కివి దగ్గర.

డీఎన్ఏ లెక్కలో ఈ గుంపు కొమ్మల మధ్యలోనే దక్షిణ అమెరికా టినమూలు అనే పక్షులు కూడా వస్తాయి. వాటికి రొమ్ము ఎముక మీద ఆ గట్టు ఉంది, అవి ఎగురుతాయి. కాబట్టి ఎగరడం ఒకే పూర్వీకుడు మానేస్తే మిగతావాటికి అది సంక్రమించిందనుకోవడానికి లేదు. వేర్వేరు చోట్ల, వేర్వేరుగా ఎగరడం మానేసి, నేల మీద పరుగుకి అలవాటుపడి ఒకే ఆకారానికి వచ్చాయని ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పోలిక చూసి మోసపోయేది అందుకే.

నిప్పుకోడిలోనూ ఇప్పుడు రెండు జాతులు లెక్కిస్తున్నారు. మామూలు నిప్పుకోడి ఒకటి, సోమాలియా, ఇథియోపియా, కెన్యా వైపు ఉండే నీలం మెడ సోమాలీ నిప్పుకోడి మరొకటి. అరేబియాలో ఉండే ఉపజాతి 20వ శతాబ్దంలో అంతరించిపోయింది. ఈముల్లోనూ అంతే. కింగ్ ఐలాండ్, కంగారూ ఐలాండ్ దీవుల్లోని పొట్టి ఈములు మనుషులు అక్కడ స్థిరపడిన కొద్ది కాలానికే పోయాయి. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలోని ఈము మాత్రం మిగిలింది.

ప్రశ్న: పరుగులో ఏది గెలుస్తుంది? వేళ్లు తక్కువైతే వేగం ఎలా పెరుగుతుంది?

జవాబు: నిప్పుకోడే. గంటకి 70 కిలోమీటర్ల దాకా అందుకుంటుంది, 50 దగ్గర చాలాసేపు నిలబెట్టుకుంటుంది. ఈము గరిష్ఠ వేగం సుమారు 50. పరుగులో ఈము అంగ 2.7 మీటర్ల వరకు ఉంటుంది, నిప్పుకోడిది 3 నుంచి 5 మీటర్లు.

కాలు ఎంత త్వరగా ముందుకీ వెనక్కీ ఊగితే అంత వేగం. కాలి కింది భాగంలో బరువుంటే ఊపు మందగిస్తుంది. అందుకే నిప్పుకోడి కండ అంతా తొడల్లో, తుంటి దగ్గర ఉంటుంది. కింద ఉన్నది ఎముక, పొడుగాటి స్నాయువులు మాత్రమే. ఆ స్నాయువులు అడుగు పడినప్పుడు సాగి, లేచేటప్పుడు ఆ బలాన్ని తిరిగిస్తాయి. వేళ్లు తగ్గడం కూడా ఆ బరువు తగ్గించడంలో భాగమే. పైగా మిగతా పక్షుల్లా వేలు పూర్తిగా నేలకి ఆనించదు. వేలి మొదటి కణుపు గాల్లోనే ఉంచి మునివేళ్ల మీద పరుగెడుతుంది. మలుపు తిరిగేటప్పుడు, ఆగేటప్పుడు రెక్కలు విప్పి నిలదొక్కుకుంటుంది. ఈముకి ఆ సాయం అంతగా లేదు.

ఈము బలం వేరే చోట ఉంది. మేత, నీరు వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు నడిచి వెళ్లగలదు. దారిలో నీళ్లు అడ్డమొస్తే ఈదుతుంది.

ప్రశ్న: ఈము ఈక ఒకటి దొరికింది. ఒకే మొదలు నుంచి రెండు ఈకలు వచ్చినట్టుంది. ఇది లోపమా?

జవాబు: లోపం కాదండీ, అది ఈము గుర్తు. చాలా పక్షుల్లో పెద్ద ఈక మొదట్లో ఒక చిన్న అనుబంధ ఈక ఉంటుంది, అది నలుసంత. ఈములో ఆ అనుబంధ ఈక అసలు ఈకంత పొడుగు పెరుగుతుంది. మీ చేతిలో ఉన్న దాన్ని మొదలు దగ్గర పట్టుకుని కొనలు కిందికి వదిలితే రెండు సమానమైన పాయలుగా వేలాడుతుంది. రెండింటి పోగులూ విడివిడిగానే ఉంటాయి, ఒకదానికొకటి అతుక్కోవు. కాకి ఈకనో పావురం ఈకనో వేళ్లతో విడదీసి మళ్లీ దువ్వితే అతుక్కుంటుంది, ఎందుకంటే దాని పోగులకు కంటికి కనబడని కొక్కేలుంటాయి. ఈముకీ, నిప్పుకోడికీ ఆ కొక్కేలు పనిచేయవు. అందుకే ఒకటి జుట్టులా, మరొకటి కుచ్చులా ఉంటుంది.

అయితే నిప్పుకోడి ఈకకి ఆ రెండో పాయ ఉండదు. పైగా దాని కాడ సరిగ్గా మధ్యలో ఉంటుంది, రెండు పక్కలా వెడల్పు సమానం. దుమ్ము దులపడానికీ, టోపీల అలంకారానికీ వాడింది ఈ ఈకనే. దక్షిణాఫ్రికాలో ఔట్స్‌హోర్న్ ఊరు ఈ వ్యాపారంతోనే ధనవంతమైంది. 1913లో ఆ దేశం ఎగుమతుల్లో బంగారం, వజ్రాలు, ఉన్ని తర్వాతి స్థానం నిప్పుకోడి ఈకలదే. 1914లో మోజు మారి, యుద్ధం వచ్చి ధర ఒక్కసారిగా పడిపోయింది.

ఎండని తట్టుకునే తీరులోనూ ఈకలు వేరువేరుగా పనిచేస్తాయి. ఈము ఈక కొన నల్లగా ఉంటుంది. ఎండ వేడి ఆ కొనలోనే ఆగిపోతుంది, కింద దట్టంగా ఉన్న మిగతా భాగం దాన్ని చర్మం దాకా దిగనివ్వదు. అందుకే మిట్టమధ్యాహ్నం కూడా ఈము మేస్తూ కనిపిస్తుంది. నిప్పుకోడి వేడిగా ఉన్నప్పుడు రెక్కలు ఎత్తి బోసి తొడలకి గాలి తగలనిస్తుంది, చలి వేళ అవే రెక్కలు దించి తొడలు కప్పుకుంటుంది.

ప్రశ్న: నిప్పుకోడి ఇసుకలో తల దాచుకుంటుందనేది నిజమేనా?

జవాబు: కాదు. గూడు అంటే నేలలో తీసిన గుంట. గుడ్లు తిప్పడానికి దాంట్లోకి తల వంచుతుంది. ప్రమాదం కనిపిస్తే కొన్నిసార్లు కదలకుండా పడుకుని మెడ నేలకి ఆనిస్తుంది. దూరం నుంచి ఒళ్లు గుట్టలా కనిపిస్తుంది, తల కనిపించదు.

ప్రశ్న: రెండు గుడ్లకీ తేడా ఏమిటి? ఖాళీ పెంకు దాచుకోవాలంటే లోపలిది ఎలా తీయాలి?

జవాబు: నిప్పుకోడి గుడ్డు మీగడ రంగులో, నున్నగా మెరుస్తూ, దగ్గరగా చూస్తే చిన్న చిన్న గుంటలతో ఉంటుంది. సుమారు 15 సెంటీమీటర్ల పొడుగు, 13 వెడల్పు, దాదాపు 1.4 కిలోలు. కోడిగుడ్ల లెక్కలో రెండు డజన్లు. పెంకు మందం 2 మిల్లీమీటర్లు. ఈము గుడ్డు ముదురు ఆకుపచ్చ, గరుకుగా ఉంటుంది. సుమారు 13 సెంటీమీటర్ల పొడుగు, 9 వెడల్పు, అర కిలో నుంచి 650 గ్రాములు. పెంకు మందం నిప్పుకోడి పెంకులో దాదాపు సగం. ఆ పెంకుని గీకితే ముదురు పచ్చ కింద లేత పచ్చ, దాని కింద తెలుపు పొరలు బయటపడతాయి. ఆస్ట్రేలియాలో ఈము గుడ్ల మీద బొమ్మలు చెక్కే కళ ఈ పొరల వల్లే పుట్టింది. ఒకటి గుర్తుంచుకోండి, ఆస్ట్రేలియాలో ఈము రక్షిత పక్షి. అనుమతి లేకుండా అడవి గూళ్లలోంచి గుడ్లు తీయకూడదు.

ఖాళీ చేయాలంటే తాజా గుడ్డు తీసుకోండి. చాలాకాలం నిలవున్న గుడ్డులో కుళ్లు వాయువు పట్టి ఉంటుంది, రంధ్రం పెట్టగానే చిమ్ముతుంది. అలాంటిదైతే కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డని గుడ్డు మీద కప్పి, ఆరుబయట చేయాలి. ముందు గుడ్డుని కడిగి తుడవండి. వెడల్పు కొసన టేపు ముక్క అంటించి, దాని మీదుగా చిన్న డ్రిల్లుతో 5, 6 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. నొక్కొద్దు, డ్రిల్లు బరువు చాలు. నొక్కితే ఈము పెంకు నెర్రెలిస్తుంది. పొడుగాటి తీగ దూర్చి పచ్చసొన చిదిమి, లోపలి పొర చిరిగేలా తిప్పండి. గుడ్డుని బోర్లించి సన్నటి గొట్టంతో లోపలికి గాలి ఊదితే సొన అదే రంధ్రం గుండా కారిపోతుంది. గొట్టం రంధ్రాన్ని పూర్తిగా మూసేయకూడదు. మూసేస్తే సొనకి దారి లేక ఒత్తిడికి పెంకు పగులుతుంది. తర్వాత రెండు మూడు సార్లు నీళ్లతో పుక్కిలించి, చివర్లో కొద్దిగా బ్లీచింగ్ ద్రావణం కలిపిన నీళ్లు పోసి పావుగంట ఉంచి వంపేయండి. రంధ్రం కిందికి పెట్టి వారం పైనే ఆరనివ్వాలి. లోపల తడి మిగిలితే వాసన వస్తుంది. ఈము పెంకుని ఎండ తగిలే చోట పెట్టొద్దు, పచ్చదనం వెలిసిపోతుంది.

ఉడకబెట్టుకోవాలనుకునేవారికి: నిప్పుకోడి గుడ్డు గట్టిగా ఉడకడానికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది.

ప్రశ్న: ఈముల్లో మగది పొదుగుతుందట. నిప్పుకోడిలోనూ అంతేనా?

జవాబు: ఈ రెండు పక్షుల మధ్య అన్నిటికంటే పెద్ద తేడా ఇక్కడే ఉందని మా అభిప్రాయం.

ఈము పెట్ట గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. కొన్ని పెట్టలు అదే కాలంలో మరో మగదానితో జతకట్టి ఇంకో గూటిలో పెడతాయి. గూటిలో 5 నుంచి 15 గుడ్లు చేరాక మగది కూర్చుంటుంది. అప్పటి నుంచి సుమారు 8 వారాలు దానికి తిండి లేదు, నీళ్లు లేవు, రెట్ట కూడా వేయదు. రోజుకి పది సార్ల దాకా లేచి గుడ్లు తిప్పి మళ్లీ కూర్చుంటుంది. ఒంట్లో ముందుగా పోగుచేసుకున్న కొవ్వు మీదే నెట్టుకొస్తుంది. పిల్లలు బయటికొచ్చేసరికి దాని బరువులో మూడో వంతు పోతుంది. అంతటితో అయిపోదు. చారల పిల్లల్ని వెంటేసుకుని నెలల తరబడి తిరుగుతుంది, దగ్గరికొస్తే కన్న పెట్టని కూడా తరిమేస్తుంది. ఫారాల్లో పొదిగే మగదాన్ని చూసి జబ్బు చేసిందని లేపేవాళ్లున్నారు. లేపకండి. గూటి దగ్గర మనిషి అలికిడి తగ్గించడమే దానికి మీరు చేయగల సాయం.

నిప్పుకోడిలో ఇద్దరూ పొదుగుతారు. ఒక మగది, దానికి ఒక ప్రధాన పెట్ట, ఇంకా కొన్ని పెట్టలు. అన్నీ ఒకే గుంటలో పెడతాయి, ఇరవైకి పైగా గుడ్లు పోగవుతాయి. కూర్చునేది మాత్రం మగది, ప్రధాన పెట్ట. మట్టి రంగులో కలిసిపోయే పెట్ట పగలు, నల్లటి మగది రాత్రి. ఒంటి కిందికి పట్టనన్ని గుడ్లుంటే ప్రధాన పెట్ట ఇతర పెట్టల గుడ్లని అంచుకి దొర్లిస్తుంది, తనవి మధ్యలో ఉంచుకుంటుంది. అన్ని గుడ్లలో తనవేవో గుర్తుపడుతుందన్నమాట. పిల్లలు 6 వారాల్లో వస్తాయి.

గుడ్డు రెండింతలు పెద్దదైనా నిప్పుకోడి పిల్ల రెండు వారాలు ముందే వస్తుందన్న సంగతి కింది ప్రశ్నకి కూడా పనికొస్తుంది.

ప్రశ్న: నిప్పుకోడి గుడ్లకి పెట్టిన ఇంక్యుబేటర్‌లోనే ఈము గుడ్లు కూడా పెట్టొచ్చా? పెట్టాం, పిల్లలు పెంకులోనే చచ్చిపోయాయి.

జవాబు: ఉష్ణోగ్రత ఒకటే అనుకోవచ్చు. రెండింటికీ 36 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నిప్పుకోడికి 36.4 దాకా. కోడిగుడ్లకి పెట్టే 37.5 పెడితే రెండూ పోతాయి. తేడా వచ్చేది రోజుల దగ్గర, గాలిలో తేమ దగ్గర, గుడ్డు లోపల చూసే పద్ధతి దగ్గర. మీ ఉత్తరంలో తేమ ఎంత పెట్టారో లేదు. పెంకులో చనిపోయిన పిల్లని తెరిచి చూసి ఉంటే కారణం తేలిపోయేది. ఒళ్లు ఉబ్బి, మెడ దగ్గర నీరు పట్టి, పెంకు నిండా తడి ఉంటే తేమ ఎక్కువైంది. పిల్ల చిన్నగా, ఎండి, పొరకి అంటుకుపోయి ఉంటే తేమ తక్కువైంది.

తేమ మీటరు చెప్పే అంకె కంటే గుడ్డు బరువుని నమ్మండి. పొదిగే కాలంలో పెంకు రంధ్రాల గుండా నీటి ఆవిరి పోయి గుడ్డు బరువు తగ్గాలి. ఆ తగ్గిన చోటే గాలి గది ఏర్పడుతుంది, పిల్ల మొదటి ఊపిరి అందులోనే. రెండు పక్షులకీ మొత్తం 12 నుంచి 15 శాతం తగ్గడం మంచి లెక్క. 14 శాతం అనుకుందాం. 1,400 గ్రాముల నిప్పుకోడి గుడ్డు 42 రోజుల్లో 196 గ్రాములు కోల్పోవాలి, అంటే వారానికి సుమారు 33 గ్రాములు. 600 గ్రాముల ఈము గుడ్డు ఇంక్యుబేటర్‌లో సుమారు 50 రోజులకి 84 గ్రాములు, అంటే వారానికి 12. ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో సంఖ్య, పెట్టిన తేదీ, మొదటి బరువు రాయండి. వారం వారం అదే త్రాసు మీద తూచండి. లెక్క కంటే తక్కువ తగ్గుతుంటే తేమ దించాలి, ఎక్కువ తగ్గుతుంటే పెంచాలి.

సాధారణంగా నిప్పుకోడి గుడ్లకి 20 నుంచి 30 శాతం తేమ చాలు, ఈము గుడ్లకి 30 నుంచి 40 దగ్గర మొదలుపెడతారు. ఒకే యంత్రంలో రెండూ పెడితే ఏదో ఒకటి నష్టపోతుంది. నిప్పుకోడి గుడ్లలోనే ఒకదాని పెంకు రంధ్రాలకీ మరొకదానికీ చాలా తేడా ఉంటుంది, అందుకే సగటు చూసి ఊరుకోకుండా గుడ్డు గుడ్డునీ తూచమంటున్నాం.

నిప్పుకోడి గుడ్డుని గాలి గది పైకి ఉండేలా నిలబెట్టి అటూ ఇటూ 45 డిగ్రీలు వంచుతారు. ఈము గుడ్డుని పడుకోబెట్టి తిప్పుతారు. రెండు వారాలకి నిప్పుకోడి గుడ్డు వెనక బలమైన దీపం పెడితే లోపల నల్లటి నీడ, గాలి గది అంచు తెలుస్తాయి. ఈము పెంకు ముదురు రంగు వల్ల మామూలు దీపానికి ఏమీ కనబడదు. పరారుణ కెమెరా ఉంటే సరే, లేకపోతే బరువే ఆధారం. చివరి రోజుల్లో ఈము గుడ్డుని చదునైన బల్ల మీద పెట్టి దగ్గర్లో ఈల వేయండి, లేదా మెల్లగా తట్టండి. లోపల పిల్ల బతికుంటే గుడ్డు సన్నగా ఊగుతుంది. ఇది పెంపకందార్లు రోజూ వాడే పరీక్ష, నమ్మదగ్గది.

ఇంకో తప్పు కడగడం దగ్గర జరుగుతుంది. మట్టి ఉంటే పొడిగా గీకేయండి. తప్పక కడగాలంటే నీళ్లు గుడ్డు కంటే వెచ్చగా ఉండాలి. చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని, పైనున్న మురికినీళ్లని క్రిములతో సహా రంధ్రాల గుండా లోపలికి లాగుతుంది. పదో రోజుకల్లా కుళ్లు వాసన వస్తే చాలాసార్లు కారణం ఇదే. ఆ గుడ్డు వెంటనే తీసేయాలి, పేలితే పక్క గుడ్లు కూడా పోతాయి.

ప్రశ్న: ఈముల్లో ఆడ, మగ తేడా ఎలా తెలుస్తుంది?

జవాబు: గొంతు వినండి. పెద్దయిన పెట్ట డోలు మోగినట్టు 'బుమ్ బుమ్'మంటుంది. దాని శ్వాసనాళానికి ఒక సంచి ఉంటుంది, గాలి నింపి ఆ శబ్దం చేస్తుంది. నిశ్శబ్దంగా ఉంటే రెండు కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. మగది గుర్రుమంటుంది. పిల్లల్లో అయితే తోక కింది ద్వారం తెరిచి చూడడం తప్ప నమ్మకమైన దారి లేదు, అది తెలిసినవాళ్లే చేయాలి.

నిప్పుకోడిలో ఆ బాధ లేదు. రెండేళ్లు వచ్చేసరికి మగదానికి నలుపు దిగుతుంది, జతకట్టే కాలంలో ముక్కు, కాలి ముందుభాగం ఎర్రబడతాయి. బరువైన గొంతుతో గర్జించేది కూడా మగదే.

ప్రశ్న: రెండింటికీ ఒకే దాణా పెట్టొచ్చా? కోళ్ల దాణా చాలదా?

జవాబు: కోళ్ల దాణా కొనేముందు అందులో మోనెన్సిన్ లాంటి మందులు కలిపారేమో అడగండి. కోళ్లకి రక్తవిరేచనాలు రాకుండా కలిపే ఆ రకం మందులు నిప్పుకోళ్లకి విషం. కాళ్లు చచ్చుబడి పడిపోతాయి. ఈముకీ అది పెట్టకపోవడమే క్షేమం.

కడుపు నిర్మాణం కూడా వేరు. నిప్పుకోడికి పెద్దపేగు చాలా పొడవు, దాని మొదట్లో రెండు పెద్ద అంధనాళాలు, అంటే ఒక కొస మూసుకుపోయిన గొట్టాలు ఉంటాయి. పీచుమేత అక్కడ నిలవుండి పులిసి బలాన్నిస్తుంది. అందుకే పెద్ద నిప్పుకోడి పచ్చిగడ్డి, లూసర్న్ మీద బాగా బతుకుతుంది. ఈముకి అంధనాళాలు చిన్నవి, తిన్నది త్వరగా బయటికి పోతుంది. అది సహజంగా తినేది గింజలు, లేత చిగుళ్లు, పళ్లు, పురుగులు. వట్టి ఎండుగడ్డి మీద ఈముని ఉంచితే చిక్కిపోతుంది. రెండింటికీ కందనకాయలో రాళ్లుండాలి. బఠాణీ గింజంత గులకరాళ్లు అందుబాటులో పెట్టండి, పిల్లలకైతే ముతక ఇసుక రేణువులంత.

నిప్పుకోడి పిల్లలకి మెరిసేదేదైనా మింగే అలవాటు ఉంది. తీగముక్క, మేకు, ప్లాస్టిక్, ఏదీ వదలదు. కొత్త చోటికి మార్చినప్పుడు భయంతో ఇసుక, ఆకులు అదేపనిగా మింగి కడుపు బిగిసి చచ్చిపోతాయి. పిల్ల ముభావంగా ఉండి, రెట్ట చిన్న చిన్న గట్టి ఉండలుగా వేస్తుంటే ఆరోజే పశువైద్యుడికి చూపించాలి. ఆలస్యమైతే ఆపరేషన్ తప్ప దారి ఉండదు.

ప్రశ్న: ఆస్ట్రేలియా సైన్యం ఈముల చేతిలో ఓడిపోయిందంటారు?

జవాబు: 1932 నవంబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని క్యాంపియన్ ప్రాంతంలో గోధుమ చేల మీద సుమారు 20,000 ఈములు పడ్డాయి. రైతుల విన్నపం మీద మేజర్ మెరెడిత్ ఆధ్వర్యంలో రెండు లూయిస్ మెషిన్‌గన్‌లు, 10,000 తూటాలతో సైనికులు వెళ్లారు. కాల్పులు మొదలవగానే గుంపు చిన్న చిన్న జట్లుగా చెదిరి తలోవైపు పరుగెత్తింది. ఆ వేగానికి గురి కుదరలేదు. డిసెంబరులో సైన్యాన్ని వెనక్కి పిలిచారు. చంపినవాటికి బహుమతి ఇచ్చే పద్ధతి అంతకుముందే ఉంది, దాన్నే ప్రభుత్వం కొనసాగించింది, 1934లో ఆరు నెలల్లోనే 57,000కి పైగా బహుమతులిచ్చారు. చివరికి పంటని కాపాడింది కంచెలే.

ప్రశ్న: మందు వేయడానికో, బండెక్కించడానికో వీటిని ఎలా పట్టుకోవాలి?

జవాబు: ఎదురుగా వెళ్లకూడదు. రెండింటి తన్నూ ముందుకే, పైనుంచి కిందికి. నిప్పుకోడి తన్ను సింహాన్ని చంపగలదు, మనిషి పొట్ట చీరగలదు.

నిప్పుకోడిని ముందు మూలకి చేర్చాలి. పొడుగాటి కర్ర చివర వంపు కొక్కెంతో మెడని తల కింద పట్టి, తలని కిందికి వంచి, ముక్కు రంధ్రాలు బయటే ఉండేలా నల్లటి గుడ్డ సంచి తొడగాలి. చీకటి పడగానే పక్షి నిమ్మళిస్తుంది. ఆ తర్వాత ఇద్దరు చెరో పక్క, ఒకరు వెనక ఉండి నడిపించవచ్చు. మెడని మెలిపెట్టొద్దు. జతకట్టే కాలంలో మగదాన్ని ఒంటరిగా పట్టబోవద్దు. ఆ రోజుల్లో ఆవరణలోకి వెళ్తే తలకంటే ఎత్తుగా ముళ్లకొమ్మ పట్టుకుని వెళ్లడం మంచిది. పరుగెత్తి తప్పించుకోలేరు. దారి లేకపోతే బోర్లా పడుకుని చేతులు మెడ వెనక పెట్టుకోండి. నేల మీదున్న దాన్ని అది సరిగా తన్నలేదు.

ఈముకి సంచి అవసరం లేదు. పక్కనుంచి మెల్లగా వెనక్కి చేరి, రెండు చేతులతో రొమ్ము చుట్టూ వాటేసి, దాని వీపు మీ ఛాతీకి ఆనేలా పట్టుకోవాలి. కాస్త నిటారుగా ఎత్తిపెడితే మీతోపాటు నడుస్తుంది. మీ కాళ్లు దాని కాళ్లకి దూరంగా ఉంచండి, గింజుకునేటప్పుడు గోళ్లు పిక్కలు చీరేస్తాయి. ఈకల గుబుర్లు పట్టి లాగితే అవి చేతిలోకి ఊడొస్తాయి, పక్షి జారిపోతుంది. రెండింటినీ ఎండ ఎక్కకముందే పట్టాలి. వేడిలో తరిమితే కండరాలు దెబ్బతిని, పట్టిన రోజు బాగానే ఉండి ఆ తర్వాత కుప్పకూలేవి ఉన్నాయి.

కంచె 1.8 మీటర్ల ఎత్తు ఉండాలి. ముళ్లతీగ వాడొద్దు, బెదిరినప్పుడు సూటిగా వెళ్లి గుద్దుకుంటాయి. వల కన్నాల్లో తల గానీ కాలు గానీ ఇరుక్కోకూడదు. చారల ఈము పిల్లలు వేలెడు సందు దొరికినా దూరతాయి కాబట్టి వాటి ఆవరణకి కింది నుంచి అర మీటరు దాకా సన్న కన్నాల వల విడిగా కట్టండి.